టోపీ నీడ

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి చిన్నికి మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

సూర్యం కొడుకు వచ్చే శుక్రవారం ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణమవుతున్నాడు. అతని పెట్టెలో రెండు కిలోల చోటు మిగిలిందని వాళ్లమ్మ తనంతట తానే వచ్చి చెప్పింది కనుక, ఆవకాయతో పాటు నాలుగు ముక్కలు రాసి పంపుదామని కూర్చున్నాను. ఇందులో విశేషమేమీ లేదు. నిన్ను ప్రశ్నలు వేయడానికి రాస్తున్నానని అనుకోవద్దు. ఈ ఏడు మామిడికాయకు పీచు ఎక్కువని మీ అమ్మ అంటోంది. కాయ ఎంచినది నేను కాబట్టి అలా అంటోందని నా అనుమానం. ఆమె మోకాలి నొప్పి తగ్గింది. మేడమీద నీళ్ల ట్యాంకు పగులు పూడ్పించాను. పెద్దత్త ఇంట్లో అన్నప్రాసన బాగా జరిగింది.

ఆ అన్నప్రాసనలోనే, పంక్తిలో నా పక్కన కూర్చున్న సన్నీ ఎడమచేత్తో ఫోను నా ముందుకు జరిపి, "చిన్ని వదిన ఒక్కతే టర్కీలో కొండెక్కేసింది, చూశారా మావయ్యా" అన్నాడు. "చూడకేం, మాకు ముందే చెప్పింది" అన్నాను. అరవైకి చేరువవుతున్న మనిషిని, విస్తరి ముందు కూర్చుని అబద్ధమాడాను. ఫోటోలో నువ్వు ఏదో పాత రంగస్థలం పైవరుస రాతిమెట్టు మీద కూర్చున్నావు. వెనక కొండ నిటారుగా లేచి ఉంది. కుడి బూటు లేసు ఊడి ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి, అంటే ఫోను నీ చేతిలో లేదు.

ఇంటికి వచ్చాక తేదీ సరిచూసుకున్నాను. ఆ రోజు వాట్సాప్‌లో నువ్వు చివరగా కనిపించినది మన టైము ప్రకారం ఉదయం 10.40కి, మళ్లీ కనిపించినది అర్ధరాత్రి దాటాక 12.30కి. నడుమ పదమూడు గంటల యాభై నిమిషాలు. సాయంత్రం ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి ఫోను చేశాం, కలవలేదు. మర్నాడు అడిగితే సిగ్నల్ లేదన్నావు, ఛార్జింగ్ కూడా అయిపోయిందన్నావు. ముప్పయ్యేళ్లు లెక్కలు చూసినవాణ్ణి నేను. ఒకే ఖర్చుకు రెండు వోచర్లు పెడితే రెండింటినీ పక్కన పెట్టేవాణ్ణి. సరే, అది వదిలేద్దాం.

ఆ ఊరి పేరు నువ్వు చెప్పలేదు కనుక నేనే వెతుక్కుని చదివాను. అంటాల్యాకు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి 1,000 మీటర్ల పైచిలుకు ఎత్తున, గుల్లుక్ పర్వతం మీద ఉన్న టెర్మెసోస్ అట అది. క్రీ.పూ. 333లో అలెగ్జాండర్ అంతటివాడు అక్కడిదాకా వచ్చి, ఆ ఊరిని పట్టుకోలేక తన దారిన తాను పోయాడట. సైన్యం ఉన్నవాడే వద్దనుకున్న కొండను నువ్వు ఒక నీళ్ల సీసాతో ఎక్కావు. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందని, అక్కడి నుంచి పైకి తొమ్మిది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉందని, పైన టీకొట్టు గానీ నీళ్లు అమ్మేవాళ్లు గానీ లేరని కూడా తెలిసింది. టాక్సీలో వెళ్లావా, నడిచావా? నడిస్తే పోను తొమ్మిది, రాను తొమ్మిది, రాళ్ల మధ్య తిరిగినది దానికి అదనం. అక్కడ ఈ రోజుల్లో పొద్దుగుంకే వేళకు మనకు రాత్రి పదిన్నర అవుతుంది. వెలుతురు ఉండగానే దిగావా, లేదా అన్నది ఆ 12.30 అంకెను బట్టి నాకు తేలడం లేదు.

చదివినంతలో ఆ ఊరు నాకు నచ్చింది, అది కూడా చెప్పాలి. భూకంపంతో ఊరికి నీరు తెచ్చే కాలువ దెబ్బతిని జనం వదిలేసి పోయారని, చాలాకాలం పాటు అక్కడ పూర్తిస్థాయి తవ్వకాలు జరగలేదని, అందుకే స్తంభాలూ గోడరాళ్లూ పడినవి పడినచోటే చెట్ల మధ్య ఉండిపోయాయని రాశారు. నువ్వు కూర్చున్న రంగస్థలంలో నాలుగైదు వేలమంది పట్టేవారట. శ్మశానంలో రాతి శవపేటికలు మూతలు తొలగి, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి పడి ఉన్నాయట. సమాధి తెరిచినవాడికి ఇంత జరిమానా అని వాటి మీదే చెక్కించినా దొంగలు విడిచిపెట్టలేదని తెలిసి నాకు ఆశ్చర్యం కలగలేదు; రూలు రాసి ఉన్నంత మాత్రాన అమలు జరుగుతుందని మా ఆఫీసులో బంట్రోతు కూడా నమ్మేవాడు కాదు.

నన్ను ఆపేసినది మరో వాక్యం. కొండమీది ఊరు కనుక వాననీళ్లు దాచుకోవడానికి నేలలోకి లోతుగా దిగిన తొట్లు అక్కడ చాలా ఉన్నాయని, ఒకచోట ఐదు తొట్లు పక్కపక్కనే ఉన్నాయని చదివి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేశాను. ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా చెప్పని సంగతి. అందుకే కవరు అంటించి మరీ పంపుతున్నాను.

1990లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొట్లకొండ మీద తవ్వకాలు జరుగుతున్నాయని, రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ విహారం బయటపడుతోందని విన్నాను. శ్రావణమాసంలో ఒక ఆదివారం, లైబ్రరీకి వెళ్తున్నానని మామ్మతో చెప్పి, తాతయ్య సైకిలు తీసుకుని, అల్లిపురం నుంచి భీమిలి రోడ్డు పట్టాను. అప్పటికి ఆ రోడ్డు ఇంత వెడల్పు లేదు. రుషికొండ దాటాక ఒకవైపు సరుగుడు తోటలు, రెండోవైపు సముద్రం, ఎదురుగాలికి తొక్కలేక తొక్కుతూ నేను. మంగమారిపేట దగ్గర ఒక టీ బడ్డీలో సైకిలు అప్పగించి, తుప్పల మధ్య కాలిబాటన పైకి ఎక్కాను. కొండ ఎత్తు 128 మీటర్లే, నీ టెర్మెసోస్ ముందు అది గట్టు. సెలవురోజు కావడంతో పైన పనివాళ్లెవరూ లేరు. ఇటుకల గుండ్రటి పునాదులు, మొండి స్తంభాల వరుసలు, హాస్టల్ గదుల్లా పక్కపక్కనే భిక్షువుల గదులు, వాటి గుమ్మాల్లో నిలబడితే ఎదురుగా సముద్రం. సాయంత్రం దాకా అదంతా నా ఒక్కడిదే అనుకున్నాను. కాబట్టి ఆ రాతిమెట్టు మీద కూర్చున్నప్పుడు నీకు ఏమనిపించి ఉంటుందో నాకు తెలియదని అనుకోకు.

కొండకు ఆ పేరు తెచ్చిన తొట్లు, రాతిలో తొలిచినవి, వానలకు నిండి పచ్చగా ఉన్నాయి. అడుగున పాత నాణెం ఏదైనా ఉంటుందేమోనన్న దురాశతో ఒకదాని అంచున వంగాను. నాచు మీద చెప్పు జారింది. నీళ్లు నడుము దాటాయి, లోపలి రాయి సబ్బు రాసినట్టుంది, కుడి చీలమండ బెణికింది. మొదటి అరగంట సిగ్గుపడుతూ మెల్లగా అరిచాను, ఆ తర్వాత సిగ్గు వదిలేసి అరిచాను. కొండ కింద రోడ్డు మీద పోతున్న బస్సు హారను నాకు వినబడుతోంది. నా అరుపు మాత్రం సముద్రపు గాలి ఎటో పట్టుకుపోతోంది. రెండు గంటలకో, ఇంకా ఎక్కువసేపటికో, అంచున మొదట ఒక మేక తల కనబడింది, దాని వెనక ఒక ముసలాయన. ఆయన కంగారుపడలేదు. తలపాగా విప్పి, మెలిపెట్టి, ఒక కొస కర్రకు కట్టి, ఆ కర్రను రెండు బండల మధ్య అడ్డంగా ఇరికించి, రెండో కొస నాకు వదిలాడు. పైకి వచ్చాక సొరకాయ బుర్రలోంచి చోడంబలి పోసి తాగమన్నాడు. నేను తాగుతుంటే, "ఏటి బాబూ, ఎవలికి సెప్పి వొచ్చినావు?" అని అడిగాడు. ఎవరికీ చెప్పలేదన్నాను. ఆయన మేకల వైపు చూసి, "ఈటికైతే నానున్నాను" అన్నాడు.

ఇంట్లో సైకిలు పంక్చరైందని చెప్పాను. తాతయ్య వెళ్లి టైరు రెండుచోట్ల నొక్కి చూసి, ఏమీ అనకుండా లోపలికి వచ్చి పడుకున్నాడు. నువ్వు ఆరో తరగతిలో ఉండగా తొట్లకొండ పిక్నిక్‌లో, తొట్ల దగ్గరికి పోనివ్వకుండా నేను చెయ్యి పట్టుకుని నిలబెట్టానని అలిగి పులిహోర ముట్టలేదు చూడు, దానికి కారణం ఇది.

టెర్మెసోస్ గురించి చదువుతుంటే మరో కథ తగిలింది. అలెగ్జాండర్ పోయాక అతని సేనాపతులు తమలో తాము కొట్టుకున్నప్పుడు, ఓడిపోయిన ఆల్కెటాస్ అనేవాడు క్రీ.పూ. 319లో ఆ ఊరిలో తలదాచుకున్నాడట. అతణ్ణి అప్పగించమని ఆంటిగోనస్ సైన్యంతో వచ్చి కూర్చుంటే, ఊరి కుర్రాళ్లు ససేమిరా అన్నారట, పెద్దవాళ్లేమో ఊరు నాశనమవుతుందని భయపడి శత్రువుతో రహస్యంగా మంతనాలాడారట. కుర్రాళ్లు పోరాటానికి బయటికి పోయిన సమయం చూసి పెద్దవాళ్లు అతని మీద పడితే, ప్రాణాలతో చిక్కడం ఇష్టంలేక అతడు తనను తానే చంపుకున్నాడు. తిరిగివచ్చిన కుర్రాళ్లు ఆ కోపంలో తమ ఊరినే తగలబెట్టబోయి ఆగి, తర్వాత ఆ శవాన్ని తెచ్చుకుని ఘనంగా సమాధి చేశారట. కొండరాతిలో గుర్రపురౌతు బొమ్మ చెక్కిన ఆ సమాధిని నువ్వు చూసే ఉంటావు. పెద్దవాళ్ల లెక్క తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను, ఎందుకంటే ఊరు మిగిలింది. అయితే పిల్లలను బయటికి పంపి వాళ్ల వెనక మంతనాలాడడం మాత్రం తప్పే. సన్నీ ఫోను అడిగి తీసుకుని నీ పాత ఫోటోలన్నీ చూశానని అందుకే నీకు రాసి చెబుతున్నాను.

ఒంటరిగా వెళ్లవద్దని నేను అనను. అనకూడదని నిశ్చయించుకునే కూర్చున్నాను. కానీ కొండ ఎక్కేముందు ఎవరో ఒకరికి, నాకే కానక్కరలేదు, నీ గదిలో ఉండే అమ్మాయికైనా సరే, ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్ని గంటలకు దిగుతావో, ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో చెప్పి వెళ్లడం, ఉన్న నీళ్లలో సగం దిగేటప్పటికి మిగుల్చుకోవడం, పొదల మధ్య దారి వదలకపోవడం, తొట్టి అంచున, గోడ అంచున ఫోటో కోసం వెనక్కి అడుగు వేయకపోవడం, ఫోను ఛార్జింగు పాతిక శాతానికి పడితే ఇక ఫోటోలు ఆపేయడం, బూటు లేసు రెండు ముళ్లు వేసుకోవడం కష్టమైన పనులు కావు. వంటింట్లోంచి మీ అమ్మ "రాస్తున్నది ఉత్తరమా, సర్క్యులరా?" అని అడుగుతోంది. ఆమె ఉద్దేశం వేరు. నడవాలని అంత సరదాగా ఉంటే ఆషాఢంలో వచ్చి తనతో సింహాచలం గిరిప్రదక్షిణ చేయమంటోంది. ముప్పై రెండు కిలోమీటర్లు, లక్షలాది జనం, తప్పిపోతే మైకులో పేరు పెట్టి పిలుస్తారు.

పెట్టెలో ఆవకాయ, వాము, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, చీలమండకు వేసుకునే పట్టీ ఒకటి ఉన్నాయి. వాటి అడుగున ఒక ఈల ఉంది. పూర్ణా మార్కెట్‌లో కొన్నాను. రంగు బాగాలేదని పారేయకు. సంచిలో కాదు, మెడలో వేసుకోవాలి. మేడ ఎక్కి ఒకసారి ఊది చూశాను. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, కాబట్టి పనిచేస్తుంది.

ఇక ఆ ఫోటో. సన్నీ చేత నా ఫోనుకు పంపించుకుని పెద్దది చేసి చూశాను. ఎడమవైపు కింది మూలన, నీ కాళ్లకు రెండు మెట్ల దిగువన, రాతి మీద ఒక నీడ పడి ఉంది. తల, వెడల్పు అంచు టోపీ, పైకెత్తిన ఒక మోచెయ్యి. నువ్వు ఒక్కతివే వెళ్లావని ఒక రాత్రి నిద్రపట్టలేదు. నీడ కనబడ్డాక, ఒక్కతివే వెళ్లలేదని మరో రాత్రి నిద్రపట్టలేదు. మీ అమ్మకు చూపిస్తే చాలాసేపు నవ్వి, లైటు తీసేయమంది. ఆ టోపీ ఎవరిదని నేను అడగడం లేదు. ఫోటో తీసి తన దారిన పోయిన మనిషా, కిందికి దిగేదాకా నీతో నడిచిన మనిషా అన్నది ఒక్కటి రాయి, చాలు.

ఆవకాయ సీసా మూతకు లోపల ప్లాస్టిక్ కాగితం కట్టి ఉంది, అది తీయకుండా తిప్పితే నూనె ఒలుకుతుంది. తడి గరిటె పెట్టకు.

ఇట్లు,
మీ నాన్న