మంత్రి గారూ, ఏయూకి ముందు మాష్టార్లని ఇవ్వండి

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం అండి,

ఆంధ్రా యూనివర్సిటీ వందేళ్ళ గురించి మీరు స్టేజీల మీద వినే ఉంటారు, 1926లో పుట్టింది, మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, తర్వాత రాధాకృష్ణన్ గారు అని మూడు ముక్కలు చెప్పి శాలువా కప్పించుకుని దిగిపోతారు అందరూ. ఆ మూడు ముక్కల మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం.

బెజవాడలో మొదలైన యూనివర్సిటీ విశాఖ వచ్చాక జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏడాదికి లక్ష రూపాయలు ఇచ్చారు, ఆ రోజుల్లో లక్షంటే మాటలా, సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. సరే డబ్బొచ్చింది, 1931లో వైస్ చాన్సలర్‌గా వచ్చిన రాధాకృష్ణన్ గారు మనుషుల్ని వెతికారండి. ఫిజిక్స్‌కి సూరి భగవంతం గారు లెక్చరర్‌గా వచ్చేటప్పటికి 23 ఏళ్ళు, 28కి ప్రొఫెసర్! ఇప్పుడు 28 ఏళ్ళ మన పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసా, ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందా అని బ్యాంకు మెసేజ్ కోసం ఫోన్ చూసుకుంటున్నారు. కెమిస్ట్రీలో టి.ఆర్. శేషాద్రి గారు 1949లో ఢిల్లీ వెళ్ళేదాకా ఇక్కడే పని చేశారు, మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి యూనివర్సిటీని గుంటూరుకి మార్చినా చదువు ఆగలేదు.

మా నాన్న ఇక్కడే జియాలజీ చదివాడు. జియాలజీ ప్రొఫెసర్ మహదేవన్ గారిని చూడలేదు గానీ ఆయన శిష్యుల దగ్గర చదివాను అని గొప్పగా చెప్పుకునేవాడు, నేను చిన్నప్పుడు నవ్వేదాన్ని. తర్వాత తెలిసింది, 1950ల్లో అమెరికా నుంచి లాఫాండ్ అనే ఓషనోగ్రఫీ (సముద్రాల మీద పరిశోధన) ఆయన వచ్చి మనవాళ్ళతో కలిసి పనిచేశారు, తర్వాత 1960ల్లో సముద్రం మీదకెళ్ళి కొలిస్తే అడుగున పెద్ద పెద్ద లోయలు కనబడ్డాయట, వాటిలో ఒకదానికి ఆంధ్రా అని, ఇంకోదానికి మహదేవన్ అని పేర్లు పెట్టారు. మన ఊళ్ళో పాఠం చెప్పిన మాష్టారి పేరు బంగాళాఖాతం అడుగున ఉందండి! బీచ్ రోడ్డులో ముంత మసాలా తినేవాళ్ళని అడగండి, ఒక్కళ్ళకీ తెలీదు.

అన్నీ గొప్పలే చెప్పి వదిలేస్తే మళ్ళీ శాలువా బాపతే అవుతుంది కదా, ఇంకోటి కూడా చెప్తాను. సి.ఆర్. రావు గారు, 2023లో 102 ఏళ్ళ వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నాయన, ఇక్కడే లెక్కల్లో ఎంఏ ఫస్ట్ వచ్చారు. రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తే, కాయితం లేటుగా అందిందని తీసుకోలేదట. ఆయన కలకత్తా వెళ్ళిపోయారు, మిగతాది ప్రపంచానికి తెలుసు. ఒక్క కాయితం లేటయితే పోయింది అంత మనిషి, మరి పోస్టులే ఏళ్ళ తరబడి లేటయితే?

2023లో రాష్ట్రంలో యూనివర్సిటీలన్నిటికీ కలిపి 3,220 పోస్టులని నోటిఫికేషన్ ఇచ్చారు, అది కోర్టు మెట్లెక్కింది. ఆ తప్పు మీదా ముందువాళ్ళదా అన్న పంచాయితీ నాకొద్దు. మా పిన్ని కొడుకు ఒక యూనివర్సిటీలో (ఏది అని అడగకండి) గెస్ట్ ఫ్యాకల్టీ, గంటకింత అని లెక్క, వేసవి సెలవుల్లో రూపాయి రాదు. వాడి దగ్గర మంచి ఐడియా ఉంది, కానీ వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలీనివాడు ఐదేళ్ళ ప్రాజెక్టు ఎలా రాస్తాడు, వాడి కింద పీహెచ్‌డీకి ఎవరు చేరతారు చెప్పండి?

అందుకని నేనడిగేది ఒక్కటే. రంగులు, ఆర్చీలు, లైటింగు తర్వాత చూసుకోవచ్చు. ఆ కోర్టు కేసుల సంగతి తేల్చి, పోస్టులు ఎప్పటికి నింపుతారో ఒక తారీకు చెప్పండి. పోస్టులన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు సైన్స్ డిపార్ట్‌మెంట్లతో మొదలెట్టండి, మా పిన్ని కొడుకు చెప్పేది తెలుగు సబ్జెక్టు కాబట్టి వాడికి ఇందులో లాభం ఏమీ లేదు లెండి.

ఇట్లు,
పెదవాల్తేరు నుంచి ఒక జియాలజీ ఆయన కూతురు