ఈ రోజు కబుర్లు: సెప్టెంబర్ 28

అందరికీ శుభోదయం.

1908లో సరిగ్గా ఈ రోజే మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఇప్పుడు అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాతే, మళ్లీ అలాంటి వరద రాకుండా చూడమని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే.

చిన్న విశేషం: ఇంగ్లీషు 'టామరిండ్' అరబ్బీ 'తమర్ హిందీ' నుంచి పుట్టింది. అంటే హిందూదేశపు ఖర్జూరం!

పోయిన నెల మా మనవరాలిని తీసుకెళ్లి ఆ చెట్టు చూపించాను. గరుకు బెరడు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. పగుళ్లలో చీమలు బారులు తీరి పైకి పోతున్నాయి. ఎన్ని కాళ్లు తొక్కిన కొమ్మలో అనిపించింది.

పిల్ల మాత్రం, "తాతయ్యా, అందరి చింతా తీర్చిన చెట్టుకి చింతచెట్టని పేరెవరు పెట్టారు?" అంది. పక్కనున్న వాళ్లంతా ఒకటే నవ్వు.

మీలో ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు చెప్పిన వరద కబుర్లు ఉంటే ఇక్కడ పెట్టండి.