ఆదివారం సమావేశంలో సమీక్షకులకు మనవి
సభ్యులందరికీ నమస్కారం. అమీర్‌పేటలో ఈ ఆదివారం జరిగే సమావేశంలో సమీక్షకులుగా ఉండేవారికి చిన్న మనవి. సభలో మాట్లాడటం సాధన చేయించే క్లబ్బుల సంస్థ టోస్ట్‌మాస్టర్స్ పద్ధతిలో ఒక్కో ప్రసంగంపై సమీక్షకు 2 నుంచి 3 నిమిషాలే ఉంటాయి కనుక, ‘చాలా బాగుంది’ అంటూ అందులో సగం ఖర్చు చేయకుండా, ఏ వాక్యం దగ్గర గొంతు తగ్గి వెనుక వరుసకు వినపడలేదో ఆ చోటునే చూపి, వచ్చేసారి ఏం చేస్తే మెరుగవుతుందో ఒక్కటి చెప్పండి. యాస జోలికి మాత్రం వెళ్లవద్దు; అది లోపం కానే కాదు.

సమావేశం మొత్తాన్ని చూసే జనరల్ ఎవాల్యుయేటర్ ప్రసంగాలను మళ్లీ తూచనవసరం లేదు. సభ వేళకు మొదలైందా, కొత్తగా వచ్చిన అతిథులను ఎవరైనా పలకరించారా, సమయం ఎంతైందో తెలిపేందుకు టైమర్ చూపే రంగులు వక్తకు కనిపించాయా, అన్నింటికన్నా ముఖ్యంగా మన సమీక్షలు పనికొచ్చేలా ఉన్నాయా అన్నది గమనిస్తే చాలు. ప్రసంగంపై సమీక్ష రాసుకున్న కాగితాన్ని చివర్లో వక్తకే ఇవ్వండి, దయచేసి ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి.