త్యాగం గురించి చాలు, వాళ్ల పాలన గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

బడులు నడిపే క్యాథలిక్ మఠకన్యల (సిస్టర్ల) గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. కరుణామయి, త్యాగమూర్తి, జీవితమంతా పిల్లలకే అంకితం... ఇవి అబద్ధాలని నేను అనడం లేదు. కానీ పాఠాలు చెప్పే సిస్టర్ల సంఘానికి (దాన్నే సభ అంటారు) మదర్ జనరల్‌గా, అంటే మొత్తానికి పెద్దగా ఉన్నావిడకు రోజు గడిచేది వీటితో కాదు. ఏ సిస్టర్‌ని ఏ బడికి బదిలీ చేయాలి, కొత్తగా చేరిన అమ్మాయిలకు పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి, భవనం అప్పు ఎలా తీర్చాలి, ఆ ప్రాంత చర్చి అధికారి అయిన బిషప్ రాసిన ఘాటు ఉత్తరానికి ఏమని జవాబివ్వాలి, ఆవిడ బల్ల మీద ఉండేవి ఈ కాగితాలే. వేరే ఏ విద్యాసంస్థ అధిపతి గురించి రాసినా ఇవన్నీ అడిగే విలేకరులు, సిస్టర్ అనేసరికి దయాగుణం గురించి నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటారు.

ఆస్ట్రేలియా పునీతురాలు (సెయింట్) మేరీ మెకిలప్‌నే తీసుకోండి. 1866లో పెనోలా అనే చిన్న ఊళ్లో, ఒకప్పటి గుర్రపుశాలలో పేదపిల్లలకు బడి పెట్టారు. ఫాదర్ జూలియన్ టెనిసన్ వుడ్స్‌తో కలిసి సెయింట్ జోసఫ్ సిస్టర్ల సభను మొదలుపెట్టారు. పెద్ద మఠం కట్టుకుని అందులో ఉండిపోకుండా, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు మారుమూల ఊళ్లకు వెళ్లి అక్కడి జనంలోనే కాపురం ఉంటూ పాఠాలు చెప్పడం వాళ్ల పద్ధతి. ఐదేళ్లలో వంద మందికి పైగా సిస్టర్లు చేరారు. అసలు గొడవ అక్కడ మొదలైంది. ఊరూరా చెదిరి ఉన్న ఈ టీచర్లందరి మీద అధికారం ఎవరిది, వాళ్లు ఎన్నుకున్న మదర్‌దా, ఎక్కడికక్కడ ఉన్న బిషప్‌దా? 1871 సెప్టెంబరులో అడిలైడ్ బిషప్ షీల్ ఆమె అవిధేయత చూపారని చెప్పి సభ నుంచే కాదు, మొత్తం చర్చి నుంచే వెలివేశారు. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. చాలామంది సిస్టర్లను బయటికి పంపేశారు, చాలా బడులు మూతపడ్డాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, తన చావుకు కొద్దిరోజుల ముందు, ఆ బిషప్పే వెలి ఎత్తేశారు.

ఈ వెలి కథ చాలామంది రాశారు, నాటకీయంగా ఉంటుంది కాబట్టి. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం అనిపిస్తుంది. 1873లో ఆవిడ ఒంటరిగా ఓడెక్కి రోమ్ వెళ్లారు, సభ నిబంధనావళికి ఆమోదం కోసం. మదర్ జనరల్ కిందే సభ అంతా నడవాలన్న ఆమె ప్రధాన కోరికను రోమ్, అంటే పోప్ పాలనా యంత్రాంగం, ఒప్పుకుంది. కానీ సభ పేరున ఆస్తి ఏదీ ఉండకూడదన్న పాత నియమాన్ని మార్చేసింది. ఆవిడ ఆ మార్పుకు తలవంచారు. ఫాదర్ వుడ్స్ మాత్రం మింగలేకపోయారు, ఇద్దరి మధ్య దూరం పెరిగింది. తనకంటూ ఏమీ ఉంచుకోనని వ్రతం పట్టిన మనిషి, అదే సభ కోసం స్థలాలు, ఇళ్లు, లెక్కలు చూసుకోవాల్సి వచ్చిందన్నమాట. పనిలో పనిగా ఐరోపాలో బడులు ఎలా నడుస్తున్నాయో చూసి వచ్చారు. 1875లో సిస్టర్లు ఆమెను మదర్ జనరల్‌గా ఎన్నుకున్నారు.

అంతటితో తీరిందా అంటే లేదు. 1885లో ఆమెను ఆ పదవి నుంచి తప్పించారు, సిడ్నీ ఆర్చిబిషప్ కార్డినల్ మోరన్ మరొకరిని పెట్టారు. ఆమె కొట్లాడి తెచ్చుకున్న పద్ధతికి రోమ్ 1888లో తుది ఆమోదం ఇచ్చేనాటికి ఆవిడ మామూలు సభ్యురాలు! తన కింద పనిచేసినావిడకే విధేయురాలిగా ఏళ్ల తరబడి ఉన్నారు. 1899లో మళ్లీ ఎన్నికయ్యారు. 1902లో పక్షవాతం వచ్చినా, 1905లో సిస్టర్లు మరోసారి ఆమెనే ఎన్నుకున్నారు. 1909లో కన్నుమూశారు, 2010లో పునీతురాలిగా ప్రకటించారు.

మెకిలప్ కాలానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందు ఇంగ్లండుకు చెందిన మేరీ వార్డ్ ఇదే అడిగితే, 1631లో పోప్ ఎనిమిదో అర్బన్ ఆమె సంస్థనే రద్దు చేశారు. మఠం గోడల బయట తిరుగుతూ, బిషప్ కింద కాకుండా తమలో ఒకరి కింద ఉండి ఆడపిల్లలకు చదువు చెబుతామన్నారు, అదే ఆమె నేరం. కొన్నాళ్లు మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు కూడా.

ఇంకో సంగతి. చర్చి చట్టం ప్రకారం మఠ పెద్ద పదవికి సాధారణంగా గడువు ఉంటుంది. గడువు తీరాక ఆవిడ మళ్లీ మామూలు సిస్టరే, నిన్నటిదాకా తను బదిలీలు చేసిన మనుషుల మధ్యే వెళ్లి పాఠం చెప్పుకోవచ్చు. మన రాజకీయ నాయకుల్లో ఎంతమంది అలా దిగగలరో చెప్పండి. ఈ వ్యవస్థలో లోపాలు లేవనడం లేదు. పైవాళ్ల మాట వింటామనే విధేయత వ్రతం పేరు చెప్పి నోరు మూయించడానికీ వీలుంటుంది, మెకిలప్ మీద వాడింది ఆ ఆయుధమే కదా.

నా విన్నపం ఒక్కటే. ఈసారి ఎవరైనా మదర్ పదవీవిరమణ గురించో, మరణం గురించో వార్త వేసేటప్పుడు దాన్ని భక్తి పేజీకి కాకుండా విద్య పేజీకి పంపండి. ఆవిడ హయాంలో ఎన్ని బడులు తెరిచారు, ఏవి మూశారు, ఫీజు కట్టలేని పిల్లల్ని ఏం చేశారు, టీచర్లకు శిక్షణ ఎలా ఇచ్చారు, పైవాళ్లతో ఎక్కడ తేడా వచ్చింది, ఇవి అడగమనండి. జవాబులు ఇచ్చుకోలేని మనుషులేం కాదు వాళ్లు.

ఇట్లు,
ఒక పాఠకురాలు