చేతివాటం గురించి ఒక ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక తండ్రి బడికి వచ్చారు. ఆటో గేటు పక్కన నిలిపి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నా ఎదుట కూర్చొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి గొంతు తగ్గించి, "మేడమ్, మా వాడికి చేతివాటం అలవాటైనట్టుంది" అన్నారు. నా గుండె జారింది. ఇంట్లో ఏం పోయిందని అడిగాను. ఏమీ పోలేదట. రాత్రి అన్నం తిన్నాక పిల్లవాడు రెండు రూపాయల బిళ్ల పట్టుకొని అద్దం ముందు నిలబడుతున్నాడట. కుడిచేతిలోని బిళ్లను ఎడమచేతిలో వేసి గుప్పిట మూస్తున్నాడట, తెరిస్తే అందులో ఏమీ ఉండటం లేదట. "ఎక్కడ నేర్చావురా అంటే బడిలో అంటున్నాడు" అని ఆయన నా వంక చూశారు.

నిజమే, బడిలోనే నేర్చాడు. శనివారం చివరి పీరియడ్‌లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నాణేల గారడీ మొదలుపెట్టాం. ఆ సంగతి మీకు ముందుగా చెప్పకపోవడం నా పొరపాటు. అందుకే ఈ నెల వార్తాలేఖలో మార్కుల సంగతి, ఫీజుల సంగతి పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

మన భాష తమాషా అయినది. హస్తలాఘవం అంటే విద్య, చేతివాటం అంటే దొంగతనం. రెండూ చేసేది అదే చెయ్యి. మా శనివారం తరగతిలో తేడా ఒక్క నియమంలో ఉంది: ఎవరి దగ్గర నాణెం తీసుకున్నామో వారి చేతిలో తిరిగి పెట్టేదాకా గారడీ పూర్తయినట్టు కాదు. ఆ నియమం ఒక్కసారి తప్పినా ఆ నెలంతా ఆ పిల్ల, ఆ పిల్లవాడు వెనక బెంచీలో ప్రేక్షకులే. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో కూడా చెప్పాలి. నా చిన్నతనం చండూరులో మగ్గాల చప్పుడు మధ్య గడిచింది. అప్పుడప్పుడు సాధనాశూరులు వచ్చేవారు. పద్మశాలీల ఇళ్ళ ముందు సాహసాలు, గారడీలు చేసి తమకు రావలసింది తీసుకొని వెళ్ళే కళాకారులు వారు. అందులో ఒక పెద్దాయన మా నాన్న చెవి వెనకనుంచి రూపాయి తీశారు. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు నలభై ఏళ్ళు తెలియలేదు. ఆయన వేళ్ళు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. కొంచెం వంగి, తీరిగ్గా, అలసిపోయినట్టు ఉండేవి. ఆ అలసటే అసలు రహస్యమని ఈమధ్యే అర్థమైంది.

పిల్లలకు మేము మొదట నేర్పేది ఫింగర్ పామ్. మధ్యవేలు, ఉంగరపు వేలు అరచేతిని కలిసే చోట నాణెం పెట్టి, వేళ్ళు కాస్త వంచితే అది అక్కడే నిలుస్తుంది. ఇంతే కదా అనిపిస్తుంది. ఒకసారి ప్రయత్నించండి. వేళ్ళు బిగుసుకుపోతాయి, బొటనవేలు కర్రలా నిలబడుతుంది, ఆ చెయ్యి "నా దగ్గర ఏదో ఉంది" అని ఊరంతా చాటుతుంది. అందుకే నాణెం వేళ్ళలో పెట్టుకొనే నీళ్ళ గ్లాసు ఎత్తమంటాను, చొక్కా బొత్తాం పెట్టుకోమంటాను, నోటుబుక్కు పేజీ తిప్పమంటాను. నేనూ నాణెం దాచిన చేత్తోనే బోర్డు మీద బీజగణితం రాసే ప్రయత్నం చేశాను. నాలుగో రోజు సమీకరణం మధ్యలో అది జారి, నేల మీద దొర్లి, మొదటి బెంచీ కింద ఆగింది. ఆ రోజు లెక్కలు ఎవరికీ ఎక్కలేదు.

ఆ తరువాతిది ఫ్రెంచ్ డ్రాప్. ఎడమచేతి వేళ్ళ కొసలతో నాణెం అంచులు పట్టుకుంటాం. కుడిచెయ్యి వచ్చి, బొటనవేలు నాణెం కిందికి పోనిచ్చి, పైనుంచి మిగతా వేళ్ళతో కప్పుతుంది. ఆ చాటున నాణెం ఎడమ అరచేతిలోకి జారిపోతుంది. కుడిచెయ్యి మూసుకొని ఖాళీగానే పక్కకు వెళుతుంది. చూపు దాని వెంటే వెళ్ళాలి. పిల్లలు తప్పేది అక్కడే. నాణెం ఉన్న చేతి వంక దొంగచూపు చూస్తారు, ఎదుటివాడు కూడా అటే చూస్తాడు. మనం దేన్ని నమ్మితే ఎదుటివారు దాన్ని నమ్ముతారు. అందుకని ముందు పదిసార్లు నాణేన్ని నిజంగానే కుడిచేతిలోకి తీసుకోమంటాను. నిజంగా తీసుకున్నప్పుడు భుజం ఎలా కదిలింది, గుప్పిట ఎంత బిగిసింది, కళ్ళు ఎటు పోయాయి అని చూసుకోవాలి. అబద్ధం ఆ నిజానికి నకలుగా ఉండాలి. ఈ ఒక్క పనికే మాకు మూడు శనివారాలు పట్టింది.

బొటనవేలి కింది కండకు, దాని ఎదుటి అంచుకు మధ్య నాణేన్ని బిగించి అరచెయ్యి తెరిచి ఉంచే క్లాసిక్ పామ్ ఉంది. దానికి నెలలు కావాలి. చిన్న చేతులకు ఇప్పుడే వద్దన్నాను. అయినా దొంగచాటుగా ప్రయత్నిస్తున్నారని నాకు తెలుసు.

అద్దం గురించి ఒక మాట. అద్దం మంచిదే, కాని దానితో రెండు చిక్కులున్నాయి. అద్దంలోకి చూడటం అలవాటైన పిల్లవాడు జనం ముందు కూడా చేతిని వదిలి ముందుకే చూస్తాడు. ఇంకోటి, సరిగ్గా నాణెం దాచే క్షణంలో తెలియకుండా కన్ను మూస్తాడు, అది తనకు కనిపించదు కదా. కాబట్టి వారానికి ఒకసారి మీ ఫోనులో వీడియో తీసి చూపించండి. సాధన చేసేటప్పుడు కింద మంచం మీది దుప్పటో, పాత గొంగడి ముక్కో పరిస్తే జారిన నాణెం దొర్లదు, చప్పుడు కాదు, మధ్యాహ్నం పడుకున్న నానమ్మలు లేవరు.

ఎలాంటి నాణెం ఇవ్వాలని చాలామంది అడిగారు. 2011 తరువాతి రూపాయి బిళ్ల దాదాపు 22 మిల్లీమీటర్లు, 2019లో వచ్చినది 20 మాత్రమే. రెండూ పిల్లల వేళ్ళ మధ్య జారిపోతాయి. రెండు రూపాయలలో పాత 2011 రకం 25 మిల్లీమీటర్లు ఉంటుంది, ఏడో తరగతి చేతికి అది సరిగ్గా సరిపోతుంది. ఎనిమిదో తరగతి వాళ్ళకు పది రూపాయల బిళ్ల ఇవ్వవచ్చు. అది 27 మిల్లీమీటర్లు, ఏడున్నర గ్రాముల పైచిలుకు. కిరాణా కొట్లలో తీసుకోవడం లేదని మీ ఇళ్ళలో డబ్బాల్లో పడి ఉన్నవి ఉంటాయి కదా, అవే పంపండి. అవి చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ఎన్నోసార్లు చెప్పింది, మన దుకాణదారులు వింటేగా. ఏది పంపినా నాలుగు నాణేలు పంపండి, నాలుగూ ఒకే సైజువి, ఒకే రకానివి కావాలి. నాణెం కోసి, అరగదీసి గారడీ సామాను తయారుచేయాలని ఎవరికైనా ఆలోచన వస్తే మానుకోండి. నాణేలను కరిగించడం, పాడుచేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం.

ఇక అసలు చిక్కు, ఎక్కడ చూసి నేర్చుకోవాలి అన్నది. పిల్లలు ఫోనులో వెతుకుతారు. ముప్పై సెకన్ల వీడియోలు వందలు వస్తాయి. వాటిలో రహస్యం ఉంటుంది, విద్య ఉండదు. రహస్యం తెలిసిన మరుక్షణం పిల్లవాడికి తనకు వచ్చేసిందనిపిస్తుంది, ఇంకో వీడియోకు వెళతాడు. మా తరగతిలో ఒక అమ్మాయికి ఇరవై గారడీల రహస్యాలు తెలుసు, ఒక్కటీ చేయడం రాదు. అందుకని మీరు పక్కన కూర్చొని ఆ వీడియోను కొంచెం పరీక్షించండి. నేర్పే మనిషి ముందు గారడీ మొత్తం ఎక్కడా కత్తిరించకుండా చూపించాడా? తన వైపునుంచి, చూసేవారి వైపునుంచి రెండు విధాలా చేసి చూపాడా? ఏ తప్పులు జరుగుతాయో చెప్పాడా? ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వారి పేరు చెప్పాడా? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని నేను ముందు దాన్నే చూస్తాను. గురువు పేరు చెప్పనివాడు తప్పులు కూడా చెప్పడు. ఇంకొకటి, నేర్పేవారు మనకు ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. మా పిల్లల్లో ముగ్గురు ఫ్రెంచ్ డ్రాప్ తిరగేసి నేర్చుకున్నారు.

నా అనుభవం కూడా చెప్పుకోవాలి, సిగ్గేం లేదు. ఉత్సాహంలో ఒక వీడియో పాఠాన్ని డబ్బు పెట్టి కొన్నాను. ప్రకటనలో నాణెం పొగలా మాయమైంది. పాఠం తెరిస్తే మొదటి మాటే, దీనికి ప్రత్యేకంగా చేసిన విదేశీ నాణెం కావాలి, అది విడిగా కొనాలి అని. ఆ డబ్బుతో మా బడి గ్రంథాలయానికి మంచి నిఘంటువు వచ్చేది. కాబట్టి మొదటి ఏడాది ఏ సామానూ కొనకండి.

పుస్తకం అయితే మేము వాడుతున్నది ఒక్కటే. అమెరికాలో జె. బి. బోబో రాయగా 1952లో వెలువడిన 'మోడర్న్ కాయిన్ మ్యాజిక్'. నాణేల గారడీ చేసేవారు ఇప్పటికీ ముందు దాని పేరే చెబుతారు. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది: ఆయన బడుల్లో పిల్లలకు ప్రదర్శనలిస్తూ బతికిన మనిషి. ఆ పుస్తకంలో వాడేది అమెరికా అర డాలరు, అది 30 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. మన నాణేలకు తగ్గట్టు వేళ్ళు సర్దుకోవాలి. వారానికి ఒక పేజీ, అంతకుమించి చదవనివ్వం. బొమ్మలు ఉన్నా, వాక్యం అర్థమైతేనే వేలు కదులుతుంది. పట్టుకో, నొక్కు, వంచు, జార్చు అన్న మాటలకు అందులో ఎన్ని రకాల క్రియలున్నాయో చూసి మా ఇంగ్లీషు టీచరు పండగ చేసుకుంటున్నారు. వీడియో వేగాన్ని చూపిస్తుంది, పుస్తకం ఆలోచించేలా చేస్తుంది. రెండూ ఉండాలి. ఎదురుగా కూర్చొని "అది కనిపించింది" అనే మనిషి ఒకరు కూడా ఉండాలి, ఆ మనిషి మీరే.

ఇదంతా చదువుకు పనికొస్తుందా అని ఒక అమ్మ అడిగారు. ఇంగ్లాండులో 1584లో రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన ఒక పుస్తకం రాశారు. మంత్రగత్తెలని నింద వేసి ముసలమ్మలను చంపుతున్న కాలం అది. ఇలాంటివి మంత్రాలు కావు, చేతి పనులు అని నిరూపించడానికి ఆయన నాణెం ఎలా దాస్తారో వివరించి రాశారు. మన పాలమూరు, నల్గొండ పల్లెల్లో బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషులను కొట్టిన వార్తలు మనమూ చదివాం. గాలిలోంచి విభూతి తీసే స్వామి వస్తే, "ఆ చేతి బొటనవేలు ఎందుకు అంత బిగుసుకుంది" అని అడిగే పిల్ల నాకు కావాలి. ఆ అమ్మకు ఇదే చెప్పాను. ఆమె నవ్వి, ముందు గణితం సంగతి చూడండి అన్నారు. చూస్తున్నాం.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. నాణెం నోట్లో పెట్టుకొనే గారడీలు మా తరగతిలో నిషేధం. ఇంట్లో చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే సాధన అయ్యాక నాణేలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. పొరపాటున మింగితే గొంతులో వేలు పెట్టడం, అరటిపండు తినిపించడం వద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, అది ఎక్కడుందో ఎక్స్‌రేలో తెలుస్తుంది.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో గారడీ చేస్తారు. రహస్యం కనిపించినా అక్కడే చెయ్యి పట్టుకోకండి, ఇంటికి వెళ్ళాక ఎక్కడ కనిపించిందో చెప్పండి. అది వాళ్ళకు చప్పట్లకంటే ఎక్కువ పనికొస్తుంది. ఆటో తండ్రి కూడా వస్తానన్నారు. చివర్లో నాదీ ఒకటి ఉంది. నా ఎడమచేతి క్లాసిక్ పామ్ ఇంకా కుదరలేదు కనుక దయచేసి ఎడమ వైపు కుర్చీలలో ఎవరూ కూర్చోవద్దని మనవి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు