క్యూసెక్కులు సరే, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?

సంపాదకులు గారికి, నమస్కారం.

ఈశాన్య రుతుపవనాలు దగ్గర పడుతున్నాయి. మా నెల్లూరు జిల్లాకు వానల్లో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే, తుపాన్ల భయమూ అప్పుడే ఎక్కువ. మళ్లీ ఆటోలకు మైకులు కడతారు. "పెన్నా తీర ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని రికార్డు చేసిన గొంతు ఊరూరా తిరుగుతుంది. పదకొండేళ్లుగా ఆ ఆటోల్లో నేనూ తిరుగుతున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్తను. వరదొచ్చినా, తుపానొచ్చినా, కరోనా వచ్చినా జనం దగ్గరికి వెళ్లి మాట్లాడటమే నా ఉద్యోగం. ఆ అనుభవంలో నుంచి ఒక విషయం మీ పాఠకులతో, అధికారులతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు, పైనుంచి వచ్చే వరద కలిసి పెన్నా మీదున్న సోమశిల జలాశయం మీద పడ్డాయి. అక్కడి నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, రైళ్లు, బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది.

అప్పుడు నేను ఇందుకూరుపేట మండలంలో పెన్న పొర్లుకట్టను ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో ఉన్నాను. మైకు నిమిషం ఆపకుండా చెబుతూనే ఉంది. సోమశిల నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు విడుదల, వెంటనే ఇళ్లు ఖాళీ చేయండి అని. ఒక అవ్వ మాత్రం రెండు బర్రెల పలుపులు చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. నేను దగ్గరికెళ్లి "అవ్వా, ఇంకా బయల్దేరలేదేంది, వినపడలేదా?" అన్నాను. ఆమె నా వంక చూసి అడిగింది: "వినపడింది అమ్మాయ్. ఆ క్యూసెక్కులు మా రామాలయం అరుగు దాకా వస్తాయా, అరుగెక్కుతాయా? అది చెప్పు. అరుగు దాకే అయితే గొడ్లను మెరక మీద కట్టేసి ఇంట్లో ఉంటా. ఎక్కితే ఇప్పుడే పోతా."

నా దగ్గర సమాధానం లేదు. మైకు పట్టుకున్న అబ్బాయి దగ్గరా లేదు. మాకు కాగితం ఇచ్చి పంపిన వాళ్ల దగ్గర కూడా ఉండి ఉండదు. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల నీళ్లని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. అది ముందే తెలిసినా అవ్వకు చెప్పగలిగింది ఏమీ లేదు. ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఊళ్లో నీళ్లకు ఆమె దగ్గర ఒక కొలత ఉంది, మా చేతిలోని కాగితంలో అది లేదు. చివరికి ఆమెను మాటలతో కాదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాం. బర్రెల పలుపులు విప్పి వదిలేశాం. రెండింటిలో ఒకటే తిరిగొచ్చింది.

ఆ ఊరికి అర కిలోమీటరు దూరంలో రొయ్యల గుంటలున్నాయి. అక్కడ ఒక యానాది కుటుంబం కాపలా ఉంటోంది. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. మూడుసార్లు వెళ్లి చెప్పినా కదల్లేదు. "తాగున్నాడు", "వీళ్లింతే, చెబితే వినరు" అని మా జట్టులోనే ఒకరు అన్నారు. నాలుగోసారి నేను చెప్పడం మానేసి కూర్చున్నాను. ఎందుకు రావడం లేదయ్యా అని అడిగాను. అతను తాగలేదు. నెమ్మదిగా చెప్పాడు. గుంటల మీద మోటార్లు, ఏరేటర్లు ఉన్నాయి. అతను లేనప్పుడు ఒక్కటి పోయినా ఆసామి ఆ డబ్బు జీతంలో పట్టుకుంటాడు. ఇప్పటికే పెళ్లి ఖర్చుకు తీసుకున్న అడ్వాన్సు తీరలేదు. "మోటారు పోతే ఇంకో మూడేళ్లు ఈ గట్టు మీదే ఉండాలమ్మా" అన్నాడు. అతని ఫోన్ నుంచే ఆసామికి ఫోన్ చేయించాం. "మోటార్లు పోతే పోనీరా, పిల్లల్ని తీసుకుని పో" అని ఆయన ఒక్క మాట అన్నాడు. ఐదు నిమిషాల్లో నలుగురూ గట్టు దిగారు. ఆ మాట ఉదయమే అడిగి ఉంటే ఆ పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో నడిచే పని ఉండేది కాదు.

మా శిక్షణల్లో ఈ పనిని "ప్రవర్తనలో మార్పు తేవడం" అంటారు. ఆ మాట నాకు నచ్చదు. మారాల్సింది వాళ్లేనని, మనం అప్పటికే మారి ఉన్నామని అందులో ముందే ఒక నిర్ణయం ఉంది. ఆరోజు నేను చూసిన ఇద్దరిలో ఎవరికీ అవగాహన తక్కువ కాదు. ఒకరికి తన భాషలో సమాచారం అందలేదు. ఇంకొకరికి అప్పు భయం. మా నివేదికలో మాత్రం "కొందరు సహకరించలేదు" అని రాశాం. ఆ వాక్యం రాసింది నేనే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పునరావాస కేంద్రం సంగతీ చెప్పాలి. అదొక బడి. పులిహోర పొట్లాలకు లోటు లేదు, నీళ్ల క్యాన్లకు లోటు లేదు. అయినా ఆడవాళ్లు సాయంత్రానికి ఇళ్లకు తిరిగి పోతున్నారు. మునిగిన ఇళ్లకు! మైకులో మళ్లీ మళ్లీ చెప్పించాం. చివరికి ఒకామె నన్ను పక్కకు పిలిచి చూపించింది. ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ లేదు, లైటు లేదు. చీకటి పడ్డాక వెళ్లాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం లేదంది. బజారు నుంచి గడియ, బల్బు తెప్పించి బిగించాం. ఆ రాత్రి చాలామంది అక్కడే పడుకున్నారు. అప్పటిదాకా మేం మైకులో చెప్పిన మాటలన్నీ కలిపినా ఆ గడియంత పని చేయలేదు.

ఇది మన ఒక్క ఊరి కష్టం కాదు. బంగ్లాదేశ్‌లో 1991 తుపానులో లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు కిక్కిరిసిన షెల్టర్లకు వెళ్లడానికి ఆడవాళ్లు వెనకాడటం, ఇల్లూ పిల్లలూ వదిలి కదల్లేకపోవడం దానికి కొన్ని కారణాలు. ఆ తర్వాత అక్కడ తుపాను హెచ్చరికలు ఇంటింటికీ చేర్చే వలంటీర్లలోకి ఆడవాళ్లను తీసుకుంటూ వచ్చారు, ఇప్పుడు వాళ్లు సగం మంది ఉన్నారు. పక్కింటి మనిషి వచ్చి తలుపు కొట్టి "వదినా, నేనూ వస్తున్నా, పద" అంటే కదిలే కాళ్లు మైకు చెబితే కదలవు.

వరద తగ్గాక వచ్చే రోగాల కాలంలోనూ ఇదే చూశాను. ఇంటింటికీ క్లోరిన్ బిళ్లలు పంచాం. బిందెలో వేసి అరగంట ఆగి తాగాలని చెప్పాం. గడియారం చూసి వంట చేసే వాళ్లు ఎవరుంటారు? వెంటనే ముంచుకుని, మందు కంపు అని పారబోశారు. ఒక ఆశా కార్యకర్త మాత్రం తన వాడలో ఇలా చెప్పింది: "బిళ్ల వేసి పొయ్యి మీద ఎసరు పెట్టక్కా. అన్నం వార్చినాక నీళ్లు ముంచుకో." ఆ వాడలో ఎవరూ పారబోయలేదు. ఓఆర్ఎస్ కూడా అంతే. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. పొదుపని సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో కలిపి బిడ్డకు పట్టిన తల్లులను చూశాను. మందు అంత చిక్కనైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆ ఆశా కార్యకర్తే ఖాళీ లీటరు నీళ్ల బాటిల్ తీసుకెళ్లి, వాళ్ల కళ్ల ముందే కలిపి చూపించింది. ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు, ఆ వాడ మనిషి కాబట్టి తెలుసు. ఇలాంటి వాళ్లకు మనం కరపత్రాల కట్ట ఇచ్చి సంతకం పెట్టించుకుని వస్తున్నాం. ఆ కరపత్రం ఎలా రాయాలో ముందు వాళ్లను అడగాలి.

అడిగితే ఏమవుతుందో మా జిల్లాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మా అమ్మ 1991లో అక్షరదీపం రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. లాంతరు చుట్టూ కూర్చుని సారా గురించిన పాఠం చదివి, పుస్తకం మూసి, "మన ఇంట్లో జరిగేదీ ఇదే కదా" అని అర్ధరాత్రి దాకా మాట్లాడుకునే వాళ్లమని చెబుతుంది. మా జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించింది అలాంటి మాటల్లో నుంచే. ఆ మంట జిల్లా అంతా పాకి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. సారా తాగొద్దని ఎవరూ మైకు కట్టుకుని ఆ ఊళ్లకు రాలేదు. సాయంత్రం పూట నలుగురు కూర్చునే చోటు, ఒక ప్రశ్న ఉన్నాయి, అంతే.

అధికారులకు నా మనవి ఇదే. ఫ్లెక్సీలకు పెట్టే డబ్బులో కొంత ఆపి, వానలు మొదలయ్యే లోపల సోమశిల కింద పొర్లుకట్ట ఊళ్లన్నింటిలో ఒక్కో సాయంత్రం కూర్చోండి. యానాది కాలనీలో విడిగా కూర్చోండి, ఊళ్లో పెద్దల ముందు వాళ్లు నోరు తెరవరు. 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరి వాళ్లే చూపిస్తారు. రామాలయం స్తంభం మీదో, బడి గోడ మీదో ఎర్ర రంగుతో గీత గీయించండి. అప్పుడు మైకులో క్యూసెక్కులతో పాటు "గీత దాకా రావచ్చు, గీత దాటవచ్చు" అని చెప్పొచ్చు. గొడ్లను ఎక్కడ కట్టాలో, రొయ్యల గుంటల ఆసాముల ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర ఉండాలో అప్పుడే తేల్చుకోవచ్చు. పునరావాస కేంద్రంగా ఎంచుకున్న బడిలో మరుగుదొడ్డి గడియ ఎండ ఉండగానే చూసుకోవచ్చు. అన్నింటికంటే ముఖ్యం, ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే దాన్ని రాసుకున్న మనిషే మర్నాడు జవాబుతో రావాలి. ఒకసారి రాకపోతే రెండోసారి ఎవరూ అడగరు, మనం చెప్పేదీ వినరు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సోమశిల నుంచి ఎంత వదిలారో వరదల రోజుల్లో మీరు రోజూ వేస్తారు. ఆ అంకె పక్కనే, 2021లో నీళ్లు ఏ ఊళ్లో ఎక్కడిదాకా వచ్చాయో ఒక్కో వరుస వేయండి. మీ విలేకరులు ప్రతి మండలంలో ఉన్నారు, ఆ ఊళ్లు వాళ్లకు తెలిసినవే. అవ్వ ఇప్పటికీ ఉంది, మనవడి చేత రోజూ పేపర్ చదివించుకుంటుంది.

ఇట్లు,
ఒక క్షేత్ర కార్యకర్త,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి.)