తుపాకీ తెరిచి చూపించమనండి: కర్నూలు కలెక్టర్, ఎస్పీ గార్లకు బహిరంగ లేఖ

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి, ఎస్పీ గారికి నమస్కారం.

నేను పదిహేడేళ్లు మిలిటరీలో చేసి, రిటైరయ్యాక ఆదోనిలో ఒక బ్యాంకు దగ్గర తుపాకీతో కాపలా ఉన్నవాణ్ణి. పత్తి సీజన్లో ఒకరోజు డ్యూటీ మారే వేళ, నా తోటి గార్డు తన డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీని గోడకు ఆనించి రిజిస్టర్‌లో సంతకం పెట్టబోయాడు. నున్నటి బండల మీద తుపాకీ అడుగు జారి అది పక్కకు పడింది. పడీ పడగానే పేలింది. గుళ్లు క్యాష్ కౌంటర్ కింద గోడలోకి దిగాయి. అక్కడికి రెండడుగుల దూరంలో ఒక రైతు గొంతుక్కూర్చుని పత్తి డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు. దెబ్బ తగల్లేదు గానీ కాళ్లు వణికి లేవలేకపోయాడు. మేమిద్దరం రెక్కలు పట్టి లేపాం.

"సేఫ్టీ వేశానన్నా, ట్రిగ్గర్ ముట్టలేదన్నా" అని నా తోటివాడు ఆ రోజంతా అదే మాట. అతను చెప్పింది నిజమే.

మన దగ్గర వాడే ఇలాంటి 12 బోర్ తుపాకుల్లో చాలావాటికి సేఫ్టీ మీట ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే. లోపల స్ప్రింగు బిగువులో ఉన్న సుత్తిని పట్టి ఉంచేది చిన్న కొక్కెం. అరిగిన తుపాకీకి గట్టి దెబ్బ తగిలితే ఆ కొక్కెం జారి, సుత్తి పోయి కార్ట్రిడ్జ్‌ను (తూటాను) కొడుతుంది. ఖరీదైన రైఫిళ్లకూ ట్రిగ్గర్ లోపాలు తప్పలేదు. 2006 నుంచి 2014 దాకా ఒక రకం ట్రిగ్గర్‌తో తయారైన మోడల్ 700 రైఫిళ్లు అనుకోకుండా పేలే ప్రమాదం ఉందని అమెరికాలో రెమింగ్టన్ కంపెనీయే 2014 ఏప్రిల్‌లో వాటిని వెనక్కి పిలిపించింది.

పేపర్లలో ఇలాంటిదాన్ని 'మిస్‌ఫైర్' అని రాస్తారు. మాకు నేర్పిన మిస్‌ఫైర్ వేరు: ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం. ఆ పేరు పెట్టగానే తప్పంతా తుపాకీది అయిపోతుంది, తూటా ఎందుకు తీయలేదని ఎవరూ అడగరు.

మిలిటరీలో డ్యూటీ దిగగానే ఇసుక బస్తాల వైపు గొట్టం పెట్టి, ఖాళీ చేసి, పక్కవాడికి చూపించాకే లోపలికి రానిచ్చేవారు. డబుల్ బ్యారెల్‌కు అది మరీ సులువు. మీట తిప్పి గొట్టాలు వంచితే తూటాలుండే రెండు గదులూ కంటికి కనబడతాయి. ఐదు సెకన్ల పని.

తుపాకీ గార్డులున్న ప్రతి బ్యాంకులో, ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు డిపాజిట్ చేసుకునే ప్రతి స్టేషన్లో ఒక ఇసుక డ్రమ్ము పెట్టించండి. తెరిచి చూపించనిదే తుపాకీ చేతులు మారకూడదని ఆర్డరు ఇవ్వండి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో తుపాకీ లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. అంతకాలం ఆగకుండా ఏడాదికోసారి పాత తుపాకుల కొక్కేలు, స్ప్రింగులు పోలీసు ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత పరీక్ష చేయించండి. 2016 ఆయుధ నిబంధనల్లో ఉన్న భద్రతా శిక్షణను కాగితం మీద కాక, తుపాకీ చేతికిచ్చి నేర్పించండి.

మీరు పిలిస్తే ఏ రోజైనా ఆదోని నుంచి వస్తాను. గార్డులకు ఎలా ఖాళీ చేయాలో దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
ఆదోని